వెంట్రుక మందం

“నా సెయ్యి ఇంక పనికిరాదు బావా. ఈ లేత్ మిషన్ నువ్వే పట్టుకుపో!”

మావగారు తిరుమలరావు అన్న మాటకి, టీ పట్టుకొచ్చిన గౌరీశ్వరి షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయింది. పోర్టు వర్క్‌షాపులో టర్నరుగా చేసి రిటైరైన మనిషి ఆయన. గాజువాకలో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి, లోహాన్ని తిప్పుతూ చెక్కే చిన్న లేత్ పెట్టుకుని, సరదాకి ఇత్తడితో బొమ్మ ఆవిరి ఇంజన్ చేస్తున్నాడు. అంతా అయింది. సిలిండర్లోకి పిస్టన్ ఒక్కటే దూరడం లేదు.

“ఓ వెంట్రుక మందం తియ్యాల. ఇలా వణికితే ఏటి తీత్తాను? ఎక్కువ పోయిందంటే ఇంజనే పోద్ది,” అంటూ కుడిచెయ్యి చాపాడు. అది గాలిపటం తోకలా ఆడుతోంది.

పాత మిషన్లు కొనే జగ్గారావు లేత్ చుట్టూ తిరిగి చూశాడు. “సాయంత్రం ట్రాలీ ఆటో తెత్తాను. ఆలోపల నీ ఇంజన్ తిరిగిందా, మిషన్ నీది. నేదంటే నాది.”

గౌరీశ్వరికి బెంగ పట్టుకుంది. మిషన్ పోతే మావయ్యగారికి తోచేదేముంది, అరుగు మీద కూర్చుని వచ్చేపోయే ఆటోలు చూడటం తప్ప! నిజం చెప్పాలంటే బెంగ ఆయన కోసమే కాదు. టీ వంకతో వచ్చి, ఇత్తడి రజను మెరుస్తూ రాలడం చూడటం ఆమెకి మహా ఇష్టం. “నువ్వూ తిప్పుతావేటమ్మా?” అని ఆయన ఎన్నిసార్లడిగినా, “అమ్మో, మీ మిషన్ నాను ముట్టుకోడమేటి మావయ్యగారూ!” అని పారిపోయేది. పద్మనాభం ఊరి పిల్ల, ఆ మాత్రం మర్యాద ఉండదూ మరి!

మధ్యాహ్నం భోంచేసి ఆయన గురక మొదలెట్టాడు. పక్కింట్లో టీవీ సీరియల్ ఏడుపు అందుకుంది. ఇదే అదనని గౌరీశ్వరి చెంగు బిగించి దోపుకుని షెడ్డులోకి దూరింది. పిస్టన్ని లేత్‌కి బిగించి, “అప్పన్నా, నువ్వే దిక్కు,” అని స్విచ్ వేసింది. ఆయన పట్టే తీరులోనే పిడి పట్టుకుని, ఊపిరి బిగబట్టి, మెల్లగా తిప్పింది. కాస్త పొడి రాలింది. మిషన్ ఆపి, పిస్టన్ తీసి సిలిండర్లో పెట్టి చూసింది. సుతారంగా జారింది. ఎక్కడివక్కడ పెట్టేసి వంటింట్లోకి ఒకటే పరుగు.

సాయంత్రం జగ్గారావు తాళ్ళతో సహా దిగాడు. “ఆఖరుసారి సూసి ఇచ్చేత్తాను,” అని తిరుమలరావు పిస్టన్ ఎక్కించి, ఇంజన్ కింద స్పిరిట్ దీపం వెలిగించాడు. నీళ్ళు మరిగాయి. చక్రం కాసేపు మొరాయించి, బుస్సుమంటూ గిరగిరా తిరిగింది.

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “ఏ సెయ్యి దీన్ని నిలబెట్టిందో, ఆ సేతికి నా దండాలు!” అని చేతులు జోడించాడు.

గౌరీశ్వరికి ఏడుపొచ్చేసింది. తన చేతికి అంత పెద్దాయన దండం పెట్టడం! అప్పన్నకి మనసులోనే మొక్కుకుంటూ లోపలికెళ్ళి, కళ్ళు తుడుచుకుని, ఇద్దరికీ టీ కలిపి తెస్తోంది. షెడ్డులోంచి జగ్గారావు గొంతు వినపడింది.

“కోడలు గట్టిదే బావా! మరింక ఆ దొంగ వణుకు మానెయ్యరాదా?”

“అప్పుడే ఎక్కడ బావా! పిల్లకి బోల్టు మర కొయ్యడం ఇంకా రావద్దేటి?”