అదనపు శబ్దం

"ఆ ముసలామెను కొంచెం పక్కకు పొమ్మనండన్నా. ఆమె గొంతే పడుతోంది" అంది హేమ.

ఎమ్మిగనూరులో బుట్టలల్లేవాళ్ల వీధి. తిరుపాల్ ఇంటి ముందు, ఈత బరికెల మధ్య ఫోను నిలబెట్టి అతని తండ్రి పెద్దయ్య మాటలు రికార్డు చేస్తోంది.

వీళ్ల ఇంటి మాట తెలుగు కాదు. అదింకా బతికే ఉందని రుజువైతే పిల్లలకు ఆ మాటలో పుస్తకం వేస్తారు. కాకపోతే యూనివర్సిటీ వాళ్లు ఈ వీధిని వదిలేస్తారు. వాళ్లకు వీధులకేం కొదవ.

"మా మనవరాలికి పుస్తకం వస్తాది కదమ్మా?" అప్పటికే రెండుసార్లు అడిగాడు పెద్దయ్య.

గోడ పక్కన గంగమ్మవ్వ తన గాడిదను తిడుతోంది.

"ఏమంటోందన్నా ఆమె?"

"ఏమోలే మేడం. ఆయమ్మ మా వీధి మనిషి కాదు. ఆస్పరి కాడినించి వచ్చి ఈడ పడింది. ఏందో గొణుగుతా ఉంటాది, ఎవురికీ తెలీదు."

తిరుపాల్ లేచి గాడిద తాడు పట్టి గుంజాడు. "రాయే, ఆ పక్కకు రా."

గాడిద కదల్లేదు.

"దానికి తెలుగు రాదప్పా" అంది గంగమ్మవ్వ.

అందరూ నవ్వారు. పెద్దయ్య కూడా.

అవ్వ ఏదో రెండు ముక్కలంది. గాడిద ఆమె వెంట సందు చివరకు పోయింది.

ఫోనులో పొయ్యి బొమ్మ, వాన బొమ్మ వస్తున్నాయి. పెద్దయ్య వెతుక్కుని వెతుక్కుని పేర్లు చెప్పాడు. అలవాటు తప్పిన నోరు. సగం తెలుగే, చివర్లు తిప్పాడంతే. అది హేమకు తెలియలేదు. 'అదనపు శబ్దం తొలగించు' అన్న మీట నొక్కి హైదరాబాదుకు పంపేసింది.

ఉగాది దాటాక యూనివర్సిటీ సారు ఫోన్ చేశాడు.

"ఆ పెద్దాయన చెప్పింది తెలుగేనమ్మా. ఆ వీధిని లిస్టులోంచి తీసేస్తామంటున్నారు."

తీసేయండి సార్ అనబోయింది హేమ. ఆదోని బస్టాండులో నిలబడి నిలబడి కాళ్లు లాగుతున్నాయి.

"నువ్వు మీట నొక్కకముందుది ఒక ముక్క మిగిలింది. వెనకాల ఎవరో ఆడమనిషి తిడుతోంది. మనం వెతికే మాట అదే. ఆమెను ఒక్క పూట కూర్చోబెట్టు, వీధి నిలబడుతుంది."

హేమ ఎమ్మిగనూరు బస్సెక్కింది.

"గంగమ్మవ్వనా? శివరాత్రి కాడ్నే సచ్చిపాయ కదా" అన్నాడు తిరుపాల్. "ఎవురూ రాకపోతే మేమే మోసినాం."

హేమ ఫోను తీసి, సారు పంపిన ఆ ముక్క వినిపించింది.

పెద్దయ్య తల వంచి విన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు.

"మాయమ్మ ఇట్లనే తిట్టేది."

"ఏమంటోంది తాతా?"



"తెలీదు తల్లీ. మరిసిపోతి."

"ఇన్నేండ్లు మన గోడ పక్కనే ఉండె కదా నాయనా" అన్నాడు తిరుపాల్.

"యినింది ఎవురురా. ఈపొద్దే కదా యింటా ఉండేది."

హేమ ఇంకోసారి పెట్టింది.

సందు చివర కట్టేసిన గాడిద చెవులు నిక్కించి లేచి, తాడు బిగిసేదాకా ఆ గొంతు వైపు నడిచింది.