కొండవైపు గోడ

"ఎవరమ్మా నువ్వు? చెప్పాపెట్టకుండా లోపలికొచ్చేశావేంటి?"

హంసీ గొంతుకు ముసలామె ఉలిక్కిపడింది. తల మీద ఎర్రమట్టి తట్ట, కొంగున గోధుమ పొట్టు మూట. లోపలి గదిలో, కొండను ఆనుకున్న గోడకు అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది.

"వానలు వెనకబట్టాయి కదా బిడ్డా. గోడ అలుకుదామని ఏరవతల్నించి వచ్చాను."

"మేమెవరం పిలవలేదే!"

"పిలవక్కర్లేదులే. కాస్త పేడ ఇస్తే చాలు."

హంసీ, ఖీమ్ సింగ్ ఆ ఇల్లు కొనుక్కుని వచ్చింది మొన్న వేసవిలోనే. పాతవాళ్ళు కింద హల్ద్వానీ పట్నం వెళ్ళిపోయాక ఏళ్ళ తరబడి ఖాళీగా పడి ఉన్న ఇల్లు. అన్ని గోడలూ పెచ్చులూడినా, కొండవైపు గోడకు మాత్రం చిన్న పగులు లేదు, చెమ్మ లేదు. మన అదృష్టం అనుకున్నాడు ఖీమ్ సింగ్.

బాధంతా రేకులతోనే. పలకరాళ్ళ కప్పు తీసేసి పాతవాళ్ళు రేకులు వేశారు. జ్యేష్ఠంలో ఇల్లు కుంపటైపోయింది. మూడేళ్ళ కూతురు హరులి ఒళ్ళంతా చెమటకాయలతో రాత్రీ పగలూ ఏడ్చింది.

అందుకే బజారులో అడిగి థర్మాకోల్ అట్టలు తెప్పించాడు. కప్పు కింద అట్టలు వెయ్యాలి. గోడలకు సిమెంటు, దాని మీద ప్లాస్టిక్ పట్టా, దాని మీద మళ్ళీ అట్టలు. "ఇక ఎండా రాదు, చలీ రాదు" అని చెప్పాడు బజారువాడు.

వరండాలో ఖీమ్ సింగ్ పేరుస్తున్న ఆ అట్టలను తలుపులోంచి చూసి ముసలామె మొహం పాలిపోయింది.

"నాయనా, కప్పుకి వేసుకో, వద్దనను. ఈ గోడని మాత్రం మూసెయ్యకు. దీని వీపు కొండకి ఆనుకుంది. మట్టయితే తాగిన నీళ్ళు ఎప్పటికప్పుడు వదిలేస్తుంది. మూసేస్తే లోపలే దాచుకుంటుంది."

"దాచుకోనీలే అవ్వా. అట్టల వెనక ఏముందో మాకు కనబడదుగా!" అని నవ్వాడు ఖీమ్ సింగ్. "ఇంతకీ అలకడానికి కూలెంత?"

"కూలేమీ వద్దు."

మొగుడూ పెళ్ళాం మొహాలు చూసుకున్నారు. ఏరు దాటి, కొండెక్కి, ఊరికే మట్టి మోసేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా?

ముసలామె చూపు హరులి మీద పడింది.

"పిల్ల ఏ వైపు తల పెట్టి పడుకుంటుంది?"

హంసీ పిల్లను లాక్కుని చంకనేసుకుంది.

"దాంతో నీకేం పని?"

"కొండవైపు పెట్టకు తల్లీ. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఇదేదో చేతబడి మనిషయ్యా! చూస్తూ నిలబడతావేంటి?" అని అరిచింది హంసీ.

ఖీమ్ సింగ్ తట్ట లాక్కుని వాకిలి అంచు మీంచి విసిరేశాడు. ఎర్రమట్టి కింద రాగిచేనంతా చెదిరింది.

ముసలామె కిందికి దిగి, ఖాళీ తట్ట ఏరుకుని, ఇంటివైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

"మళ్ళీ ఈ గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా!" అని వెనకనుంచి అరిచాడు ఖీమ్ సింగ్.

ఆ సాయంత్రం హంసీ పిల్లకు ఆవాలు, మిరపకాయలతో దిష్టి తీసింది.

అట్టలు వేశాక ఇల్లు తెల్లగా మెరిసిపోయింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు, "నీకేంటయ్యా, పట్నపు ఇల్లు!" అన్నారు.

పుష్యంలో వాసన మొదలైంది. తడిసిన గోనె వాసన. హంసీ పరుపులన్నీ ఎండలో వేసింది. వాసన పోలేదు.

తర్వాత హరులికి దగ్గు. ఆ తర్వాత పిల్లికూతలు.

"పాడు ముసల్ది, దాని కళ్ళే తగిలాయి" అని తిట్టుకుంటూ రోజూ దిష్టి తీసేది హంసీ. తీసి, పిల్లను ఆ కొండవైపు గోడ పక్కనే పడుకోబెట్టేది.

మాఘంలో ఒక తెల్లవారుజామున పిల్ల పెదాలు నీలంగా మారాయి. అల్మోరా ఆసుపత్రిలో ముక్కుకి గొట్టం పెట్టారు.

"ఇల్లు చెమ్మగా ఉంటుందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"లేదమ్మా. అన్ని గోడలకీ అట్టలు వేయించాను" అన్నాడు ఖీమ్ సింగ్.

"వాటి వెనక చూశారా?"

పిల్లనీ హంసీనీ ఆసుపత్రిలోనే ఉంచి ఇంటికొచ్చి, హరులి పక్క దగ్గరి అట్ట ఊడబెరికాడు. నీళ్ళు జారి కాళ్ళ మీద పడ్డాయి. అట్ట వెనకంతా నల్లటి బూజు, చేత్తో గీకితే ముద్దలుగా వచ్చేంత. ఖీమ్ సింగ్ అక్కడే కూలబడి ఏడ్చాడు.

మర్నాడు ఏరు దాటి, ఎర్రమట్టి మోసే ముసలామె ఇల్లెక్కడని అడిగాడు. అడిగిన మొదటి మనిషే చూపించాడు.

వాకిట్లో ఒకామె ధాన్యం చెరుగుతోంది. గోడకు తట్ట వేలాడుతోంది.

"మా వదినా? కార్తీకంలోనే పోయింది నాయనా."

ఖీమ్ సింగ్ తల దించుకున్నాడు. "మా ఇల్లు అలకడానికి వస్తే తరిమేశానమ్మా. ఆవిడకీ మా గోడకీ ఏంటి సంబంధం?"

ఆమె చేట పక్కన పెట్టింది.

"నువ్వా! అది వదిన అత్తారిల్లు బాబూ. పిల్లను మింగిన తల్లని వాళ్ళు వెళ్ళగొడితే తమ్ముడింటికి, మా దగ్గరికి వచ్చేసింది. అక్కడున్నన్నాళ్ళూ వాళ్ళు గడప తొక్కనివ్వలేదు. వాళ్ళు హల్ద్వానీ పోయాక ఏటా వెళ్ళి కొండవైపు గోడ అలికొచ్చేది. ఎవరూ లేని ఇల్లు నీకెందుకు వదినా అంటే, రేపు ఎవరైనా పిల్లతో దిగరా అనేది."

"ఆవిడ పిల్లకి..."

"ఉన్న ఒక్క కూతురూ, అలకక చెమ్మ పట్టిన ఆ గోడ పక్కనే దగ్గి దగ్గి పోయింది. వేసవిలో చల్లగా ఉంటుందని, అటు తల పెట్టి పడుకోవడం అలవాటు చేసింది మా వదినే."