పడింది నేనే

"పడింది నేనే!" అక్క హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీద చెయ్యి చరిచింది. "నిన్న బడిలో మూర్ఛొచ్చి పడితే పిల్లలు చూసి టీచరనుకున్నారు. మొహాలు అచ్చుగుద్దినట్టుంటాయి, బట్టలా, ఒకే తానులోంచి ఇద్దరికీ నేనే కుట్టాను. వాళ్ల తప్పేముంది పాపం!"

ఒకటో తరగతి టీచరైన చెల్లి పక్కనే తలొంచుకుని నిలబడింది. అక్కకి వీధి చివర టైలరింగ్ షాపు. తనకి మూర్ఛ అని అక్క ఊరంతా చెప్పుకునేది. కొలతలు తీసుకుంటూ కూడా చెప్పేది.

"కవలలన్నాక ఒకే రక్తం కదమ్మా" అంది హెడ్‌మిస్ట్రెస్. "నీకున్నది ఆమెకి రాదని నమ్మకమేంటి? లేదని డాక్టరు రాసిస్తేనే ఉద్యోగం."

"రాయించుకొస్తాం! నా మిషనైతే నన్ను పనిలోంచి తీసెయ్యదు. దీని పొట్ట కొడితే మాత్రం ఊరుకునేది లేదు."

చెల్లి చెయ్యి పట్టుకుని చరచరా బయటికి నడిచింది.

మూర్ఛ ఎందుకొస్తుందో కవలల్ని పరీక్షించి తెలుసుకునే డాక్టరమ్మ ఒకామె పెద్దాసుపత్రిలో ఉంది. ఇద్దరికీ ఒకేలాంటి గౌన్లిచ్చి, జబ్బున్నవాళ్లు ఎర్ర పట్టీ, లేనివాళ్లు తెల్ల పట్టీ చేతికి కట్టుకు రమ్మంది. మెదడు పరీక్షకి తలల నిండా వైర్లు అంటించింది.

తెల్ల పట్టీ మనిషి గీతలు కుదురుగా వచ్చాయి. ఎర్ర పట్టీ మనిషివి ఎగిరెగిరి పడ్డాయి.

డాక్టరమ్మకి హుషారొచ్చింది. "చూశారా! ఒకే రక్తం, జబ్బు మాత్రం ఒకరికే. ఇందులో రక్తం ఒక్కటే దోషి కాదు. చిన్నప్పుడు తలకి దెబ్బేమైనా తగిలిందా?"

"అటక మీంచి పడ్డప్పుడు" అన్నారిద్దరూ ఒక్కసారే.

"అదే కారణం కావచ్చు."

చెల్లికి జబ్బు లేదని కాగితం రాసింది. అక్క పేరు మీద కొత్త మాత్రలిచ్చింది.

మర్నాడు అక్క ఆ కాగితాన్ని హెడ్‌మిస్ట్రెస్ ముందు పెట్టింది. "చదవండి. గట్టిగా చదవండి, బయట టీచర్లకీ వినపడాలి!"

ఆమె మనసులోనే చదువుకుంది. "సర్లే, క్లాసుకెళ్లమ్మా" అంది చెల్లితో.

వరండా మలుపు తిరగ్గానే అక్క, తన పొడుగు చేతుల జాకెట్టు కింద ఇంకా ఉండిపోయిన తెల్ల పట్టీని పుటుక్కున తెంపేసి, తన పేరున్న డబ్బాలోంచి ఒక మాత్ర తీసి, ఎప్పటిలాగే చెల్లి నోట్లో వేసింది.