నలభై పుస్తకాలు

“నేను మనిషినేనమ్మా” అన్నాడు పెద్దాయన రిసెప్షన్ బల్ల దగ్గర, మూడోసారి.

రిసెప్షనిస్టు నవ్వాపుకుంటూ మేనేజరుకి ఫోన్ చేసింది.

మేనేజర్ విసుక్కుంటూ కిందికి దిగి వచ్చింది. ఆమెకి ఊపిరి సలపడం లేదు. వాళ్ళ కంపెనీ ఈమధ్యే ఒక చిన్న డిజిటల్ లైబ్రరీని కొనేసింది. అక్కడి పుస్తకాలనీ పాఠకుల్నీ తమ లైబ్రరీలో కలిపే పని ఆమె నెత్తిన పడింది. గడువు నెలాఖరు.

“చెప్పండి సార్.”

“నా అకౌంట్ తెరుచుకోవడం లేదమ్మా.”

ఆమె ఫోన్‌లో వెతికి చూసింది.

“రోజుకి పద్నాలుగు గంటలు పేజీలు తెరుస్తూనే ఉన్నారు. మనుషులెవరూ అలా చదవరు. మా సిస్టమ్ మిమ్మల్ని రోబో అనుకుని మూసేసింది.”

“దానికైతే తెలియదు. మీకు ఎదురుగా కనబడుతున్నాను కదా!”

“కొత్త అకౌంట్ తీసుకోండి. రోజుకి రెండు గంటలు చదువుకోవచ్చు.”

“రెండు గంటలైతే తెమలదు తల్లీ. నాకు అట్టే టైం లేదు.”

“రిటైరై ఇంట్లో ఉండేవాళ్ళకి టైం లేకపోవడమేంటి సార్?”

పెద్దాయన ఏదో చెప్పబోయాడు. ఇంతలో ఆమె ఫోన్ మోగింది. మాట్లాడుతూనే ఒక ఫిర్యాదు ఫారం ఆయన ముందుకి తోసింది.

ఆయన దాన్ని ముక్కుకి ఆనేంత దగ్గరగా పట్టుకుని చదివాడు. జేబులోంచి పెన్ను తీసి, ముందు అందులోని అచ్చుతప్పు ఒకటి సరిచేసి, ఆ తర్వాత తన పేరు రాశాడు.

ఆమెకి ఒళ్ళు మండింది.

“అక్కడ పెట్టి వెళ్ళండి. చూస్తాం.”

చూడలేదు.

ఆయన మెట్లు దిగుతుంటే “రోబోగారు వెళ్ళిపోయారు” అంది రిసెప్షనిస్టు. ఇద్దరూ నవ్వుకున్నారు.

నెలాఖరు దగ్గరపడుతుండగా, కొత్తగా కొన్న లైబ్రరీలో ఒక మూల నలభై పుస్తకాలు కనిపించాయి. వాటిమీద ‘ఇంకా ఇవ్వవద్దు’ అని గుర్తు ఉంది. ఎందుకని చెప్పేవాళ్ళు లేరు. అక్కడి లైబ్రేరియన్‌ని మొదటి వారంలోనే ఇంటికి పంపేశారు.

“నలభై పుస్తకాలు ఊరికే పడి ఉన్నాయి. గుర్తు తీసేయండి” అంది మేనేజర్.

తీసేశారు. చెప్పిన రోజుకి రెండు లైబ్రరీలూ ఒకటయ్యాయి. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది.

మూడు నెలలు తిరక్కుండానే ఒక నర్సింగ్ కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ నలభైలో ఒకటి వాళ్ళ పాఠ్యపుస్తకం. పుస్తకాన్ని స్కాన్ చేసి కంప్యూటర్‌తో అక్షరాలు ఎక్కించినప్పుడు ‘.5’లో చుక్క ఎగిరిపోయింది. అర మిల్లీ ఇవ్వాల్సిన మందు ఐదు మిల్లీలైంది. ఒక విద్యార్థిని అలాగే ఎక్కించింది. రోగి ఐసీయూలో ఉన్నాడు.

ఛైర్మన్ మేనేజర్ని పిలిపించాడు.

“మనం ఆ కంపెనీని కొన్నదే తప్పుల్లేని పుస్తకాల కోసం. లక్ష పేజీలు అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. అచ్చుతప్పులు దిద్దే వాళ్ళ ప్రూఫ్ సెక్షన్ ఏమైంది?”

“ఉద్యోగుల జాబితాలో అలాంటి సెక్షన్ లేదు సార్.”

“మరి ఆ పేజీలు వాటంతటవే బాగుపడ్డాయా? ఎక్కడున్నా పట్టుకోండి. ఎంతమంది ఉంటే అంతమందినీ తీసుకోండి.”

ఆమె పాత లైబ్రేరియన్‌కి ఫోన్ చేసింది.

“ఇప్పుడు గుర్తొచ్చామా?” అందావిడ. “అడ్రసు ఇస్తాను, రాసుకోండి.”

“ఎంతమంది ఉంటారు మేడమ్?”

“వెళ్ళి మీరే లెక్కపెట్టుకోండి.”

మర్నాడు పొద్దున్నే మేనేజర్ పది నియామక పత్రాలు పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళింది. ఇరుకు సందులో రెండు గదుల ఇల్లు. ఒకామె తలుపు తీసింది.

“లైబ్రరీ నుంచి వచ్చాను. ప్రూఫ్ సెక్షన్ వాళ్ళు...”

“లోపలికి రండి.”

గదిలో కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంది. పక్కన కుర్చీలో, రిసెప్షన్ దగ్గర చూసిన పెద్దాయన. గుమ్మం వైపు తలయితే తిప్పాడు గానీ, చూపు మాత్రం గోడ మీదే ఉంది.

“ఎవరమ్మా?”

“లైబ్రరీవాళ్ళు నాన్నా.”

ఆ పేరు వినగానే ఆయన ముఖం విప్పారింది.

“నర్సింగ్ పుస్తకాలు బయటికి ఇవ్వలేదు కదా? వాటిలో తప్పులు చాలా ఉన్నాయి. పిల్లలు అవి చదివే సూదులు వేస్తారు.”



కూతురు గొంతు తగ్గించింది.

“చూపు పోతుందని డాక్టరు ముందే చెప్పాడండీ. ఆలోగా ఆ నలభై పుస్తకాలూ పూర్తి చేయాలని తిండి కూడా ఇక్కడే తినేవారు. ఇంతలో మీవాళ్ళు అకౌంట్ మూసేశారు. పోయిన నెలలో రెండో కన్ను కూడా పోయింది.”

మేనేజర్ తన చేతిలోని పది నియామక పత్రాలకేసి చూసుకుంది. 

“మరి... మిగతావాళ్ళు?”

“మిగతావాళ్ళెవరండీ?” అంది కూతురు. “ఆ లక్ష పేజీలూ తొమ్మిదేళ్ళుగా దిద్దింది నాన్న ఒక్కరే.”