మేక్‌ఫైల్లో లేని పేరు

“ఇప్పుడే చూడాలా అది?” అన్నాడు మేనమామ, నేల మీద చతికిలబడి ల్యాప్‌టాప్ తెరిచిన మేనకోడలితో.

“ఇప్పుడు కాక ఇంకెప్పుడు చూస్తాను మామయ్యా?”

అక్కడ కూర్చోవడానికి కుర్చీ లేదు. కిటికీ కూడా లేదు. మామయ్య ఇవాళ్టి కోసమే కుట్టించుకున్న చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది. లిఫ్టులు నడిపే సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న కంపెనీ ఆయనది. కంపెనీ అంటే ఆయనా, మేనకోడలూ, అంతే. ఈ భవనం యజమాని సంతకం పెడితే ఆయన మిగతా భవనాల పని కూడా వీళ్ళకే వస్తుంది. పెట్టకపోతే కంపెనీకి తాళం వేసుకోవాల్సిందే. కొత్త సాఫ్ట్‌వేర్‌ని పొద్దున్నే ఇక్కడి లిఫ్టులోకి ఎక్కించారు. యజమాని కాగితాలు ముందేసుకుని వీళ్ళ కోసం ఎదురుచూస్తున్నాడు.

“దొరికింది,” అంది మేనకోడలు. “ప్రోగ్రాములన్నీ అంకెలు తీసుకునే హెడర్ ఫైల్లో నిన్న లిఫ్టు ఆగే దూరం మార్చాను కదా. బ్రేకు ప్రోగ్రాం ఆ కొత్త అంకె తీసుకుంది. మోటారు ప్రోగ్రాం పాతదే పట్టుకుని కూర్చుంది.”

“అదెలా? మారినవాటిని మళ్ళీ తయారుచేసే మేక్ ప్రోగ్రాం నడిపాను కదా. అంతా తాజాగానే ఉందని చెప్పిందిగా!”

“దానికేం తెలుసు పాపం? ఏ ఫైలు దేని మీద ఆధారపడిందో మేక్‌ఫైల్లో రాసిపెడితేనే, అది మారినప్పుడు దీన్ని మళ్ళీ కంపైల్ చేసి కొత్తగా తయారుచేస్తుంది. అందులో మోటారు కోసం రాసిన లైన్లో ఆ హెడర్ పేరే లేదు. పిలవని పేరంటానికి ఎవరొస్తారు?”

ఆ మేక్‌ఫైల్ రాసింది మామయ్యే. దాని మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు. ఎందుకైనా మంచిది, అన్నీ మొదటినుంచి కంపైల్ చేద్దామని ఆమె మొత్తుకుంటే, గంట దండగ అని కొట్టిపారేసిందీ ఆయనే. ఇప్పుడు గొంతు సవరించుకున్నాడు.

“తేడా ఉంటే ఏమవుతుంది?”

“నిండా జనం ఉంటే ఏం కాదు. ఒకరిద్దరే ఉంటే బరువు తక్కువై మోటారు లెక్కా, బ్రేకు లెక్కా కలవవు. కలవకపోతే ఎక్కడిదక్కడ ఆగిపోవాలని మనమే రాశాం.”

“మరింకేం? ప్రాణాపాయం లేదుగా! సంతకం అయ్యాక గుట్టుగా సరిచేద్దాం. మనం నోరు విప్పకపోతే తప్పు మనదని ఆయనకెవరు చెప్తారు?”

“ఎవరూ చెప్పక్కర్లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే ముందు భుజాలు తడుముకునేది నువ్వే.”

తలుపు అవతల నుంచి యజమాని గొంతు వినిపించింది. “ఇంకాస్త ఓపిక పట్టండి. మనిషి బయల్దేరాడట!”

“పర్లేదండీ! మేమెక్కడికి పోతాం!” అని మామయ్య లేని నవ్వు తెచ్చుకుని అరిచాడు.

మేనకోడలు ల్యాప్‌టాప్ మూసేసింది. “నాకు పని నేర్పిన కొత్తలో ఏమన్నావు మామయ్యా? తప్పు దాచిపెడితే అది పిల్లల్ని పెడుతుందన్నావు. ఆ మాట నమ్మే ఇంతకాలం నీ దగ్గరున్నాను.”

ఆయన ఎదుటి గోడకున్న అద్దంలో తన మొహం చూసుకున్నాడు. నిజంగానే సిగ్గేసింది.

“సరే,” అన్నాడు చివరికి, చొక్కా సర్దుకుంటూ. “తలుపు తెరుచుకోగానే నేనే చెప్తాను. సంతకం పోతే పోనీ. నిజం దాచుకుని బతకడం నా వల్ల కాదు.”

మామయ్య అంత గొప్పగా మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. కళ్ళు చెమర్చాయి. వెనకే నవ్వు కూడా తన్నుకొచ్చింది గానీ, పెద్దవాడు కదా అని ఆపుకుంది.

వాళ్ళున్న లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయి అప్పటికి అరగంటయింది.