పదిహేను కేజీల లోపు

“ఇరవై ఒకటి పాయింట్ నాలుగు” అని చదివి, గురునాథరావు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. కాటా మీద అంకె మారలేదు.

కాటాని అనుమానించడానికి వీల్లేదు. హథ్‌ఖోజ్‌లో బోల్టులు తయారుచేసే స్నేహితుణ్ని అడిగి, స్మృతి నగర్‌లోని ఇంటిదాకా ఆటోలో వేసుకొచ్చిన కాటా అది. తెచ్చాక తన బరువు, బియ్యం బస్తా బరువు, భార్య సత్యలక్ష్మి బరువు చూసి మరీ నమ్మాడు. తన విషయంలో మాత్రం అది అబద్ధమాడిందని సత్యలక్ష్మి ఇప్పటికీ అంటోంది.

విమానంలో మనిషికి పదిహేను కేజీల సామానే. ఆ మనిషి వాళ్లమ్మాయి భాగ్యరేఖ. మంచంటే ఫ్రిజ్‌లో తప్ప ఎరగని భిలాయిలో పుట్టింది. కాలేజీ వాళ్లతో సరదాగా కాశ్మీరు చూడ్డానికి వెళ్లి, అక్కడ మంచుకొండ మీంచి స్కీయింగ్ చెయ్యడం మరిగింది. ఇప్పుడు జాతీయ పోటీలకి వెళ్తోంది. పోటీ ఎల్లుండి పొద్దున్నే.

పోయినేడాదీ వెళ్లింది. బ్యాగు బరువెక్కువైంది, తర్వాతి విమానంలో పంపుతాం అన్నారు కౌంటర్లో. పంపారు కూడా, పోటీ అయిపోయిన మర్నాడు. కొలత సరిపోని అద్దె సామానుతో దిగిన పిల్ల రెండు సెకన్ల తేడాతో పతకం పోగొట్టుకుంది. ఇంటికొచ్చి వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. తలుచుకుంటే గురునాథరావుకి ఇప్పటికీ కడుపు మండిపోతుంది.

మండదూ మరి? స్టీల్ ప్లాంటులో ముప్పై ఆరేళ్లు వేబ్రిడ్జి దగ్గర పనిచేసిన మనిషి ఆయన. వ్యాగన్లకి వ్యాగన్లే తూచి పంపాడు. చలానులో ఎంత రాసుంటే అంత సరుకూ కదలాలి. సగం పంపి సగం ఆపడం ఆయన ఇంటా వంటా లేదు. అలాంటివాడి కూతురు బరువు దగ్గర ఓడిపోవడమా!

అందుకే ఈసారి బ్యాగు తనే సర్దాడు. పిల్లని కూడా చెయ్యి పెట్టనివ్వలేదు. కొత్త స్కీలు పార్శిల్లో ఎలా వచ్చాయో అలాగే, జోడుకి జోడూ అడుగున పేర్చాడు. వాటి మీద చేతికర్రలు, హెల్మెట్, బూటు, చలిబట్టలు. పొడుగు సామాను తీసుకుంటారో లేదోనని విమానం కంపెనీకి ఫోను కూడా చేశాడు. “కాళ్లకి కట్టుకునే పొడుగు చెక్కలు, మంచు మీద జారేవి” అని హిందీలో ఓపిగ్గా వివరిస్తే, అవతలి అమ్మాయి “ఫర్నిచరా సార్?” అనడిగింది.

“పదకొండింటికి కారొచ్చెస్తాది. ఆరు కేజీల పైన దించాల” అన్నాడు గురునాథరావు. “ముందు ఈ ఆవకాయ ఎవరెట్టీసినారు ఇందల?”

“నేనే. అక్కడ ఏటి తింటాదండీ పిల్ల?” అంది సత్యలక్ష్మి.

“జారడానికి ఎల్తందా, తినడానికి ఎల్తందా?”

ఆవకాయ సీసా బయటికొచ్చింది. దాని వెనకే చేగోడీల డబ్బా, సున్నుండల డబ్బా వచ్చాయి. ఆయన అంత కాపలా కాస్తుంటే ఆవిడ ఇవన్నీ ఎప్పుడు దూర్చిందో ఆవిడకే తెలియాలి.

పద్దెనిమిది పాయింట్ ఆరు.

“నాన్నా, బూటు తీసెయ్” అని లోపలి గదిలోంచి కేకేసింది భాగ్యరేఖ, తల దువ్వుకుంటూ. “మెడకి తగిలించుకుని విమానం ఎక్కెస్తాను. కోయీ నహీ పూఛేగా, ఎవరడుగుతారు!”

బూటు బయటికొచ్చింది. పదహారున్నర.

ఉన్ని మేజోళ్లు మూడు కనిపించాయి. “ఒకటి సాలదేటి?” అంటూ రెండు తీసేశాడు. “తడిసిపోతే మార్చుకోవద్దేటి?” అని సత్యలక్ష్మి లాక్కుని మళ్లీ లోపల పెట్టింది. షాంపూ సీసాలోంచి చిన్న సీసాలోకి మారింది. పళ్ల పేస్టు సగం పిండేశాడు. బ్యాగుకున్న పట్టీలు రెండు కోసిపారేశాడు. కాటా కాస్తంత జాలి చూపించింది. పదహారు పాయింట్ రెండు.

వీధిలో కారు హారన్ మోగింది.

గురునాథరావు కాటా పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. ముప్పై ఆరేళ్ల సర్వీసులో ఏ వ్యాగన్ దగ్గరా ఇంత నీరుగారిపోలేదు.

“ఇంక తియ్యడానికి ఏటీ లేదే రేఖా” అన్నాడు. “ఈ ఏడు కూడా ఆపెస్తారు. నా వల్లే ఓడిపోతావు.”

భాగ్యరేఖ ఒక్క గెంతులో గడప దాటి వచ్చింది. ఆ పిల్ల ఎప్పుడూ అంతే. ఇంట్లో ఆమె వెనకాల పరుగెత్తి ఎవరూ అందుకోలేరు. గోడకి ఆనుకుని, వంగి, బ్యాగు జిప్పు లాగి లోపలికి చూసింది. తర్వాత తండ్రి మొహంలోకి చూసింది. పెదాలు బిగబట్టినా నవ్వు ఆగలేదు.

“టెన్షన్ మత్ లో నాన్నా” అంటూ స్కీ ఒకటి బయటికి లాగి, తలుపు వెనక నిలబెట్టింది.

పదమూడు పాయింట్ నాలుగు.

సత్యలక్ష్మి చటుక్కున ఆవకాయ సీసా అందుకుంది.

గురునాథరావు మాత్రం అదిరిపడి లేచాడు. “ఏటే ఇది! జోడు విడదీసీసి, ఒక్కదాంతో కొండెలాగ దిగుతావే?”

“ఎప్పట్లాగే నాన్నా, నాకున్నది ఒక్క కాలే కదా!” అంది భాగ్యరేఖ.