నాడాలు కొట్టిన చేతులు

నాడాలు కొడుతుండగా గుర్రం తన్నడంతో మా ఆయన ఓరిన్ నడుము విరిగింది. చక్రాల కుర్చీలో పింఛను ఆఫీసుకి తీసుకెళ్లాను.

"సొంత పని చేసుకునేవాళ్లు పన్ను కడితేనే పింఛనండీ. మీ పేర తొమ్మిదేళ్లుగా ఏమీ కట్టలేదు," అంది గుమాస్తా.

"ఏటా ఏప్రిల్లో పంపేశానన్నావు కదే, డార్లా?" గొంతు తగ్గించి నన్నడిగాడు ఓరిన్.

నేను తల అడ్డంగా ఊపాను. మా వయోమింగ్ రాష్ట్రమే మా సంపాదనలో వాటా అడగదు, ఎక్కడో కేంద్ర సర్కారున్న వాషింగ్టన్‌కి ఎందుకివ్వాలని ఎగ్గొట్టింది నేనే. పంపానని ఏటా అబద్ధమాడిందీ నేనే.



"పని చేసీ కట్టకపోతే ఎగ్గొట్టినవాళ్ల మీద కేసవుతుంది. ఇంతకీ ఈ తొమ్మిదేళ్లూ పని చేశారా, లేదా?" గుమాస్తా గట్టిగా అడిగింది.

కాయలు కాచిన చేతులను ఓరిన్ దుప్పటి కింద దాచుకున్నాడు.

"లేదమ్మా. పెళ్లాం సంపాదన తింటూ కూర్చున్నా."